ఇదీ అదీ, ఇదో అదో

సంభావ్యతా శాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి ముందుగా ఎదురయ్యే రెండు పదాలు ఛేదనం, సమ్మేళనం. రెండు ఘటనలూ కలిసి జరగడం ఛేదనం కాగా, రెండింటిలో కనీసం ఒకటైనా జరగడం సమ్మేళనం. పాఠ్యపుస్తకంలో ఇంత బరువుగా కనిపించే ఈ భేదాన్ని తెలుగు వాక్యం పదాల చివరి అచ్చుతోనే తేల్చేస్తుంది: ‘వానా బోరూ ఉంటే పంట’ అన్నప్పుడు ఆ దీర్ఘాలు ఛేదనాన్ని చెబుతాయి, ‘వానో బోరో ఉంటే పంట’ అన్నప్పుడు ఆ ఓకారాలు సమ్మేళనాన్ని చెబుతాయి. మొదటి వాక్యం పలికే రైతుకు రెండు షరతులుంటే, రెండో వాక్యం పలికే రైతుకు రెండు దారులుంటాయి. మెట్ట సేద్యమంతా మొదటి వాక్యంలో చిక్కుకున్న బతుకును రెండో వాక్యంలోకి మళ్లించుకునే ప్రయత్నమేనని అనవచ్చు. ఆ ప్రయత్నం ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో పరిశీలించడానికి అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న గుమ్మఘట్ట మండలం కంటే తగిన చోటు తెలుగు నేల మీద అరుదు.

ఈ ప్రాంతపు కరవుకు భూగోళ శాస్త్రం చెప్పే కారణమే ఒక ఛేదనం. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను ఎక్కి దిగేసరికి తమ తేమను చాలావరకు అక్కడే కుమ్మరించి వస్తాయి గనుక ఈ పీఠభూమి వర్షచ్ఛాయలో పడిపోయింది. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి చేరేసరికి నీరసించిపోతాయి. జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో, దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు పడిపోయింది. ‘రెండు కాలాల్లో ఏ ఒక్కటీ ఆదుకోలేదు’ అన్నా, ‘ఇదీ ఆదుకోలేదు, అదీ ఆదుకోలేదు’ అన్నా అర్థం ఒకటే అని చెప్పడానికి ఇక్కడ ఎవరికీ గణితం అక్కర్లేదు గాని, గణితంలో దానికొక పేరుంది: సమ్మేళనం జరగకపోవడమంటే విడివిడి వైఫల్యాల ఛేదనం జరగడమే అన్న సూత్రాన్ని డి మోర్గాన్ నియమం అంటారు. ఆ అగస్టస్ డి మోర్గాన్ 1806లో మదురైలో పుట్టాడు. అప్పటికి ఆరేళ్ల కిందట, 1800లో, నిజాం కుంఫిణీకి అప్పగించిన దత్తమండలాలు కూడా ఆయన పుట్టిన మద్రాసు ప్రెసిడెన్సీలోనివే, గుమ్మఘట్ట ఉన్న రాయదుర్గం సీమ ఆ మండలాల్లోనిదే. తర్కవేత్తగానే ఎక్కువగా గుర్తుండిపోయిన ఆయన 1838లో సంభావ్యత గురించీ, జీవిత బీమా లెక్కల్లో దాని వినియోగం గురించీ ఒక పుస్తకం రాశాడన్న సంగతి ముందు ముందు పనికి వస్తుంది.

ఛేదనాన్నీ సమ్మేళనాన్నీ లెక్క కట్టడానికి ముందుగా తేల్చుకోవలసింది ఘటనల మధ్య ఉన్న సంబంధం. అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలు దొర్లినప్పుడు ఒక గవ్వ వెల్లకిలా పడ్డ సంగతి పక్క గవ్వకు తెలియదు. దాని వల్ల రెండో గవ్వ వెల్లకిలా పడే అవకాశం పెరగదు, తరగదు. ఇలాంటివాటిని స్వతంత్ర ఘటనలు అంటారు. గవ్వ వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది గనుక రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు గాని, లెక్క కోసం సగానికి సగం అనుకుంటే, నాలుగూ వెల్లకిలా పడే సంభావ్యత 1/2ను నాలుగుసార్లు గుణించగా వచ్చే 1/16. నాలుగూ బోర్లా పడే సంభావ్యతా అంతే. ఒకే పందెంలో ఈ రెండూ జరగడం అసాధ్యం కాబట్టి వీటిని పరస్పర వివర్జిత ఘటనలు అంటారు; చెమ్మో అష్టో, అంటే నాలుగూ ఒకేలా, పడే అవకాశం కావాలంటే రెండింటినీ కూడితే సరిపోతుంది, 1/8 వస్తుంది. మొదటి గవ్వో రెండో గవ్వో వెల్లకిలా పడాలన్నప్పుడు మాత్రం కేవలం కూడితే సగమూ సగమూ కలిసి ఒకటై, తప్పక జరిగి తీరుతుందన్న అబద్ధం పుడుతుంది. రెండూ వెల్లకిలా పడ్డ పందేలను రెండుసార్లు లెక్కించడమే అందుకు కారణం గనుక ఆ 1/4ను ఒకసారి తీసివేస్తే అసలు విలువ 3/4 తేలుతుంది. కూడి, ఉమ్మడి భాగాన్ని తీసివేయడం అన్న ఈ సంకలన సూత్రం ఎక్కడైనా చెల్లుతుంది. గుణకారం అలా కాదు, అది స్వాతంత్ర్యం ఉన్నచోటే చెల్లుతుంది. పరస్పర వివర్జితమైన ఘటనలను స్వతంత్రాలుగా పొరబడడం విద్యార్థుల్లో తరచు కనిపించే దోషం. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదు అన్నప్పుడు వాటి మధ్య ఉన్నది స్వాతంత్ర్యం కాదు సరికదా, అంతకంటే గట్టి బంధం మరొకటి ఉండదు.

స్వాతంత్ర్యాన్ని మొదట తేటగా నిర్వచించినవారిలో ఒకడైన అబ్రహాం డి మోవర్, 18వ శతాబ్దపు తొలి సగంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేనివీ, ఒకటి జరగడం రెండోదానికి సాయమూ ఆటంకమూ కానివీ స్వతంత్ర ఘటనలన్నాడు. 1933లో రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ సంభావ్యతకు స్వీకృత సూత్రాల పునాది వేసినప్పుడు ఆ సంబంధం గొడవ పక్కకు తప్పుకుని, ఛేదనపు సంభావ్యత విడి సంభావ్యతల లబ్ధానికి సమానమైతే అవి స్వతంత్రాలు అన్న సమీకరణం నిలిచింది. గణితానికి ఇది చాలా మేలు చేసింది. అయితే సమీకరణాన్ని చదివి బడి వదిలినవారికి ఒక భ్రమ కూడా మిగిల్చింది: లబ్ధం ముందుగా ఉండి స్వాతంత్ర్యం దాని వెంట వస్తుందన్నట్టు, రెండు సంఖ్యలు కనిపించగానే గుణించే అలవాటు. ఆ రెండు సంఖ్యల్ని ఎంత తేరిపారచూసినా ఘటనలు స్వతంత్రమో కాదో అవి చెప్పవు. ఆ మాట చెప్పవలసింది రాయి, గాలి, వేరు. ఈ విషయంలో గుమ్మఘట్ట రైతుకు దగ్గరివాడు డి మోవరే.

వేరుశనగనే తీసుకుంటే, అక్కడివారు శనక్కాయ అనే ఈ పంట ఒక్క వానతో పండేది కాదు. విత్తడానికి పదును వాన కావాలి. పూత నిలిచి ఊడలు దిగే వేళ మరో వాన కావాలి. కాయలో గింజ ఊరేటప్పుడు ఇంకో వాన కావాలి. ఊడ దిగడం దగ్గరనుంచి చూడదగిన సంగతి: ఫలదీకరణ జరిగిన పువ్వు అడుగునుంచి సూదిలాంటి కాడ ఒకటి పుట్టి, మిగతా మొక్కలన్నీ పైకి చూస్తుంటే తాను నేలను వెతుక్కుంటూ కిందికి వంగి, మట్టిలో దిగాకే కాయ కడుతుంది. ఎర్రనేల పైపొర ఎండి గట్టిపడి ఉంటే ఆ సూది మొన మట్టిని తాకి కూడా లోపలికి పోలేక అక్కడే వాడిపోతుంది. చేను పైకి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయలుండవు. లెక్క కోసం ఈ మూడు వానలూ వేళకు పడే సంభావ్యతలు వరుసగా 0.8, 0.7, 0.6 అనుకుందాం. విడివిడిగా చూస్తే ఏదీ దిగులు పెట్టే సంఖ్య కాదు, ప్రతిదీ సగానికి పైనే. మూడూ స్వతంత్రమైతే వాటి ఛేదనం 0.336, అంటే మూడేళ్లకు ఒక పంట. ‘ఈ ఏడు వాన బాగానే పడిందే, పంటెందుకు పోయింది’ అని పట్నంలో కూర్చున్నవారు అడిగే ప్రశ్నకు ఈ గుణకారమే జవాబు.

ఆ వానలు నిజంగా స్వతంత్రమా అన్నది తరువాతి ప్రశ్న. ఒక ఏడాది ఋతుపవనం బలంగా ఉంటే జూలై వానకూ ఆగస్టు వానకూ కలిపి బలం వస్తుంది. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కిన ఎల్ నినో ఏడాదుల్లో రెండూ కలిసి మొహం చాటేసే ప్రమాదం పెరుగుతుంది. ఒకటి జరిగిందని తెలిశాక రెండోదాని అవకాశాన్ని మళ్లీ లెక్కించడాన్ని నియత సంభావ్యత అంటారు. విత్తనపు వాన పడ్డాక ఊడల వాన అవకాశం 0.7 నుంచి 0.8కీ, ఆ రెండూ పడ్డాక గింజ వాన అవకాశం 0.6 నుంచి 0.75కీ పెరుగుతాయనుకుంటే ఛేదనం 0.48 అవుతుంది. ఈ పొత్తు రైతుకు మేలు చేసినట్టే కనిపిస్తుంది. నిజానికి మంచివన్నీ కలిసి వచ్చే అవకాశాన్ని పెంచే ఆ పొత్తే చెడ్డవన్నీ కలిసి వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. నడిమి ఏళ్లను, అంటే ఒకటి పోయినా ఒకటి చేతికందే ఏళ్లను, తినేసి రెండు చివరలనూ బలిపిస్తుంది. గాదెలు నిండే ఏడాదో, వలస బండి ఎక్కే ఏడాదో తప్ప మధ్యరకం ఏళ్లు అంతగా కనిపించకపోవడం ఈ సీమ స్వభావమని చాలామంది అనుకుంటారు. అది స్వభావం కంటే ఎక్కువగా అంకగణితం.

‘ఇదో అదో’ అన్న దారిని రైతు అన్నిటికంటే ఖరీదుగా వెతుక్కునేది బోరు దగ్గర. ఒక బోరులో నీరు పడే అవకాశం మూడింట ఒకటి అనుకుంటే, మూడు బోర్లు వేస్తే ఒకటైనా పడక తప్పదన్న మాట ఊళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. అది గవ్వల దగ్గర చూసిన పాత పొరపాటే, ఉమ్మడి భాగాలను తీసివేయకుండా కూడడం. స్వతంత్ర ఘటనల సమ్మేళనాన్ని లెక్కించడానికి సులువైన దారి పూరక ఘటన ద్వారా, అంటే ఏదీ జరగకపోవడం ద్వారా వెళ్లడం. ఒక బోరు విఫలమయ్యే అవకాశం 2/3. మూడూ విఫలమయ్యే అవకాశం 8/27. కాబట్టి ఒకటైనా పడే అవకాశం 19/27, దాదాపు నూటికి డెబ్బై. ఖాయం కాకపోయినా తీసిపారేయదగిన అవకాశమేమీ కాదు.

కాని ఈ లెక్క కూడా ఒక అబద్ధం మీద నిలబడింది. ఈ నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు దానిలో నిండి ఉండదు, పగుళ్లలో మాత్రమే ఉంటుంది. బోరు లారీ ఆగి కంప్రెసర్ మొదలైతే గొట్టం పక్కనుంచి బూడిదలాంటి రాతిపొడి లేచి చుట్టూ నిలబడ్డవాళ్ల రెప్పల మీద వాలుతుంది. ఆ పొడి రంగు మారుతుందా, ఉండలు కడుతుందా అని అందరూ చూస్తారు. పొడి పొడిగానే వస్తూంటే ఇంకో వంద అడుగులు దింపమంటారు. నీరు పడితే ఎన్ని ఇంచీలు అన్నది ప్రశ్న, పడకపోతే మళ్లీ పాయింటు పెట్టించడం, అదే పొలంలో ఇరవై గజాల అవతల. ఆ ఇరవై గజాల అవతల ఉన్నదీ అదే రాయి. ఇప్పుడు లెక్కను కాస్త మార్చి, పొలాల్లో సగం పగుళ్లున్న రాతి మీద ఉన్నాయనీ, అక్కడ ఒక్కో బోరు పడే అవకాశం 2/3 అనీ, మిగతా సగం ముద్దరాతి మీద ఉన్నాయనీ, అక్కడ ఎన్ని వేసినా పడదనీ అనుకుందాం. ముందుగా ఏమీ తెలియని రైతుకు మొదటి బోరు అవకాశం అప్పుడూ మూడింట ఒకటే. కాని మూడు బోర్లలో ఒకటైనా పడే అవకాశం 19/27 నుంచి 13/27కు, అంటే సగం కంటే కిందికి పడిపోతుంది. రెండు బోర్లు ఎండిపోయాక జరిగేది మరీ దారుణం: ఆ రెండు వైఫల్యాలూ పొలం అడుగున ఏముందో చెప్పిన సాక్ష్యాలు గనుక, పగుళ్లున్న రాయి అయి ఉండే అవకాశం పదింట ఒకటికి దిగి, మూడో బోరు పడే అవకాశం 1/15 అవుతుంది. అప్పు తెచ్చి మూడో బోరుకు సిద్ధపడే రైతు మాత్రం రెండుసార్లు పోయింది గనుక ఈసారి వచ్చి తీరాలని నమ్ముతాడు. జూదంలో పోయినవాడి నమ్మకం తప్పే అయినా గవ్వలు అతని అవకాశాన్ని తగ్గించవు, మొదట ఎంతో చివరా అంతే. రాయి అలా ఊరుకోదు. స్వాతంత్ర్యం లేనిచోట స్వాతంత్ర్యాన్ని ఊహించడం జూదం కంటే చెడ్డ బేరం.

పాత సాలులో ఇంతకంటే మెరుగైన సంభావ్యతా జ్ఞానం ఉంది. కొన్ని శనక్కాయ సాళ్లకు ఒక కందిసాలు వేసే పద్ధతిని రెండు పంటలు కాబట్టి రెండు అవకాశాలు అని వివరించడం చాలదు. నాలుగు కయ్యల్లో నాలుగుసార్లు శనక్కాయే వేసినా అది నాలుగు అవకాశాలు కాదు, నాలుగు కయ్యల్లోనూ ఊడలు ఒకే వారం దిగుతాయి, ఒకే వారం ఎండుతాయి. కంది వేరు లోతుగా పోతుంది, పంటకాలం నిడివి ఎక్కువ, దానికి పూతా కాతా వచ్చేది శనక్కాయ పీకేశాక. అది ఎదురుచూసేది మరో వాన కోసం. రెండూ పూర్తిగా స్వతంత్రం కావు, అయితే ఒకే వానకు ఉరి వేసుకోనివి. శనక్కాయ పోయే అవకాశం 0.6, కంది పోయే అవకాశం 0.5 అయితే, స్వతంత్రంగా ఉన్నప్పుడు రెండూ పోయేది 0.3, రెండూ ఒకే తాడుకు కట్టి ఉంటే అది 0.5 దాకా పెరగగలదు. పంటల సంఖ్య ఆ రెండు లెక్కల్లోనూ రెండే. నూనెగింజల ధర ఆశతో కందిసాలును కూడా శనక్కాయకే ఇచ్చేసిన దశాబ్దాల్లో జిల్లా పోగొట్టుకున్నది కందిపప్పు మాత్రమే కాదు.

బీమా సంగతి ఇక్కడికి వస్తుంది. డి మోర్గాన్ రాసిన జీవిత బీమా నిలబడేది మరణాలు దాదాపు స్వతంత్రం కావడం వల్ల: వెయ్యి మంది చందా కట్టిన నిధిలో ఒక ఏడాది ఎందరికి చెల్లించవలసి వస్తుందో ముందే దగ్గరగా చెప్పవచ్చు. కరవు వచ్చినప్పుడు వెయ్యి మందీ ఒకేసారి చేయి చాచుతారు. ఊళ్లో చీటీలు, చేబదుళ్లు, బంధువుల సాయం పెళ్లికీ జబ్బుకూ పనికివచ్చి కరవుకు పనికిరాకపోవడం మనుషుల గుణం చెడి కాదు, ఇచ్చేవాడి చేనూ పుచ్చుకునేవాడి చేనూ ఒకే ఆకాశం కింద ఉండడం వల్ల. అందువల్ల కరవు నిధి దూరదూర ప్రాంతాలను కలుపుకోక తప్పదు. గుమ్మఘట్టకు పొరుగున ఉన్న చిత్రదుర్గం సీమ మైసూరు సంస్థానంలో ఉన్న రోజుల్లోనే, 1920లో, ఆ సంస్థానానికి చెందిన జె.ఎస్. చక్రవర్తి వ్యవసాయ బీమా మీద వెలువరించిన గ్రంథంలో, పంటనష్టాన్ని చేను చేనుకూ కొలవకుండా వర్షపాతాన్నే కొలతగా పెట్టుకుని పరిహారం ఇవ్వాలని ప్రతిపాదించాడు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు ప్రయోగాత్మకంగా మొదలైన వాతావరణ బీమాకు వెనకున్న ఆలోచన అదే. ఇందులో మిగిలిపోయిన చిక్కు కూడా ఛేదనమే: వర్షమాపకం దగ్గర వాన పడడమూ చేనులో పడకపోవడమూ కలిసి జరిగే అవకాశం. గుట్టకు ఇవతల తడిసి అవతల పొడిగా ఉండే వానలు ఈ సీమకు కొత్త కాదు. పరిహారం అడిగేటప్పుడు మాపకానికీ చేనుకూ సంబంధం లేనంత స్వాతంత్ర్యం, అప్పు పుట్టించుకునేటప్పుడు ఊరంతా ఒక్కటైనంత బంధం. వానకు ఈ రెండు నీతులూ ఎలా కుదురుతాయని రైతు అడిగితే, ఒకటి రోజుల మీదా రెండోది ఏడాది మీదా లెక్క అని చెప్పవచ్చు. ఆ జవాబు సరైనదే గాని, దానితో బాకీ తీరదు.

ఇక నది. బాబాబుడన్ కొండల్లో పుట్టి, హగరి అని కూడా పిలిపించుకునే వేదవతికి అడ్డంగా గుమ్మఘట్ట మండలంలో కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు 1961 నాటికి పూర్తయింది. 12,000 ఎకరాల ఆయకట్టు దానికి నిర్ణయించారు. అయితే అదే నదికి ఎగువన, హిరియూరు దగ్గర, 30 టీఎంసీల వాణీవిలాస సాగరం 1907 నుంచే ఉంది. అది నిండి పొర్లితే తప్ప ఆ పైనున్న కొండల నీరు దిగువకు పెద్దగా రాదు. అది 1933లో పొర్లింది. కొల్మొగొరోవ్ గ్రంథం వెలువడిందీ ఆ ఏడాదే. స్వతంత్ర ఘటనలకు ఇంతకంటే నికార్సైన ఉదాహరణ దొరకదు. మళ్లీ పొర్లింది 89 ఏళ్ల తరువాత, 2022లో. కట్టిన నాటినుంచి 2021 దాకా 115 ఏళ్లలో ఒక్కసారే పొర్లిందన్న లెక్కతో ఏడాదికి 1/115 అనుకుని, ఏటికేడు స్వతంత్రమని గుణించినవారికి, ఎంచుకున్న రెండేళ్లలో రెండుసార్లూ పొర్లే అవకాశం పదమూడు వేలలో ఒకటి కంటే తక్కువగా తేలుతుంది. 2025 జనవరిలో అది మళ్లీ పొర్లింది. సాగరం నిరుటి నీటిని కడుపులో పెట్టుకుంటుంది, దానికి భద్ర నది నీరూ తోడవుతోంది. దాని ఏళ్లు గవ్వల్లాంటివి కావు.

శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ద్వారా జీడిపల్లి దాకా వచ్చే కృష్ణా నీటిని అక్కడినుంచి భైరవానితిప్పకు తేవాలన్న పథకం ఏళ్లుగా నలుగుతోంది. వేదవతో కృష్ణో అన్న ఆ సమ్మేళనం కోసం ఎదురుచూడడంలో తప్పు లేదు. ఎంత పెద్ద నది తోడైతే అంత మేలు. దాని సంభావ్యతను లెక్క కట్టబోయేవారు మాత్రం రెండు సంఖ్యలనూ గుణించే ముందు ఒకసారి పటం తెరవాలి. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో, వేదవతి పుట్టింది బాబాబుడన్‌గిరిలో. ఆ రెండు కొండలకూ జూన్‌లో వాన మోసుకొచ్చే గాలి ఒకటే.